పాకం అంటుకోని షీటు

బెల్లం తీయన. బెల్లం జిగట కూడా.

బెల్లం పాకం గిన్నెకు అంటుతుంది. గరిటెకు అంటుతుంది. పీటకు అంటుతుంది. చేతికి అంటితే చెయ్యి కాలుతుంది.

జిగట పని లేని ఇల్లు లేదు. సంక్రాంతికి నువ్వుల ముద్దలు చేస్తాం. అరిసెలు చేస్తాం. పిల్లలకు పల్లీ పట్టీలు చేస్తాం. ఈ పనులన్నింటిలో ఒకటే తిప్పలు. చేసిన వస్తువు కిందికి అంటుకుంటుంది. గీకితే విరిగిపోతుంది.

ఈ తిప్పలు తగ్గించడానికి ఇప్పుడు ఒక షీటు దొరుకుతున్నది. దాని మీద పాకం పోస్తే అంటుకోదు. కడిగి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. కానీ అన్ని షీట్లూ ఒకటి కావు. ఏ షీటు ఏ పనికి పనికొస్తుందో తెలియాలి. తెలియకపోతే డబ్బు పోతుంది. తినే తిండి కూడా చెడుతుంది.

ఈ పాఠంలో ఆ సంగతి తెలుసుకుందాం.

మన దగ్గరి జిగట పనులు

వేల్పూర్ నిజామాబాద్ జిల్లాలో ఒక మండలం. పక్కనే ఆర్మూర్. ఈ చుట్టుపట్ల పసుపు పండుతుంది. ఎర్రజొన్న పండుతుంది. బోధన్ వైపు పోతే చెరుకు పేరు వినబడుతుంది.

బోధన్ దగ్గర షక్కర్‌నగర్‌లో 1937లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ పెట్టారు. చాలా ఏండ్లు ఆ ఫ్యాక్టరీ ఈ ప్రాంతానికి అన్నం పెట్టింది. 2015లో అది మూతపడింది. కానీ చెరుకు, చక్కెర, బెల్లం అంటే ఏమిటో ఇక్కడి వాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు.

బెల్లం వండేవాళ్లు జిగటతో ఎట్లా వేగుతారు? చెరుకు రసం పెద్ద పెనంలో కాగుతుంది. పొంగు వచ్చినప్పుడు కొంచెం నూనె వేస్తారు. పొంగు అణుగుతుంది. పాకం ముదిరాక అచ్చుల్లో పోస్తారు. అచ్చులను ముందే నీళ్లతో తడుపుతారు. లేదా తడి గుడ్డ పరుస్తారు. అచ్చుకూ బెల్లానికీ మధ్య తడి ఉంటుంది. అందుకే బెల్లం దిమ్మ సులువుగా ఊడి వస్తుంది.

మన ఆడవాళ్ల దగ్గర కూడా ఇట్లాంటి ఉపాయాలు ఎన్నో ఉన్నాయి.

సకినాలు బట్ట మీద చుడతాం. పిండిలోని తడిని బట్ట కొంత పీల్చుకుంటుంది. సకినం విరగకుండా పైకి లేస్తుంది.

అరిసెలను నూనె రాసిన ఆకు మీద ఒత్తుతాం.

నువ్వుల ముద్దలు చుట్టేటప్పుడు చేతికి నెయ్యి గానీ నీళ్లు గానీ రాసుకుంటాం.

ఈ ఉపాయాలన్నింటిలో ఉన్నది ఒకటే మాట. రెండింటి మధ్య ఒక పొర ఉండాలి. నూనె ఒక పొర. నీళ్లు ఒక పొర. ఆకు ఒక పొర. నాన్‌స్టిక్ షీటు కూడా అట్లాంటి ఒక పొరే.

జిగట ఎందుకు అంటుతుంది?

పీటను చేతితో తడిమి చూడండి. నున్నగా ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ దానిలో కంటికి కనబడని చిన్న చిన్న గుంటలు, సందులు ఉంటాయి. వేడి పాకం నీళ్ల లాగ పారుతుంది. ఆ సందుల్లోకి దిగుతుంది. చల్లారగానే అక్కడే గట్టిపడుతుంది. గోడలో మేకు దిగినట్టు బిగుసుకుంటుంది. అందుకే పీట మీది పట్టీ ఊడి రాదు.

ఇప్పుడు చామాకును గుర్తు చేసుకోండి. చామాకు మీద నీళ్లు పోస్తే ఏమవుతుంది? ముత్యాల లాగ దొర్లిపోతాయి. ఆకు తడవదు. తామరాకు కూడా అంతే. ఆ ఆకుల మీద సన్నని మైనం పూత ఉంటుంది. చిన్న చిన్న బుడిపెలు కూడా ఉంటాయి. నీళ్లకు పట్టు దొరకదు.

నాన్‌స్టిక్ షీటు మీద కూడా పాకానికి పట్టు దొరకదు. పట్టు లేకపోతే అంటుకోదు.

ఈ పూత ఎట్లా వచ్చింది?

ఈ పూతను మనం టెఫ్లాన్ అంటాం. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే ఆయనకు ఇది అనుకోకుండా దొరికింది. ఆయన ఒక సిలిండరులో గ్యాస్ నింపి పెట్టాడు. తర్వాత తెరిస్తే గ్యాస్ రాలేదు. కానీ సిలిండరు బరువు తగ్గలేదు. కోసి చూస్తే లోపల తెల్లని పొడి ఉన్నది. అది జారుడుగా ఉన్నది. దేనికీ అంటుకోలేదు.

1954లో ఫ్రాన్సు దేశంలో మార్క్ గ్రెగ్వార్ అనే ఆయన ఆ పూతను చేపలు పట్టే సామానుకు వాడాడు. ఆయన భార్య పేరు కొలెట్. ఆ పూతను వంట పెనానికి వెయ్యమని ఆమె చెప్పిందట. అట్లా నాన్‌స్టిక్ పెనం వచ్చింది. పొయ్యి దగ్గర నిలబడే మనిషికే పొయ్యి బాధ తెలుస్తుంది గదా!

అత్తమ్మ, కోడలు

పల్లీ పట్టీల కోసం పాకం కాగుతున్నది. అత్తమ్మ ఒక పాల ప్యాకెట్ కవరు కోసి, కడిగి, పీట మీద పరిచింది. కోడలు చూసింది.

"అత్తమ్మా, కవరు మీద పాకం పోయకు."

"ఎందుకు బిడ్డా? అప్పాలు దీని మీదనే ఒత్తుతం గద!"

"అప్పాల పిండి సల్లగ ఉంటది. ఇది కాగిన పాకం. కవరు కరుగుతది."

"మరి నీళ్లు కాగినా కవరు కరగది. సలసల కాగే చాయ కవర్ల పోసి ఇస్తరు గద హోటల్ల."

"అది కూడ మంచిది కాదత్తమ్మా. అయినా నీళ్ల వేడి వేరు, పాకం వేడి వేరు. నీళ్లు ఎంత కాగినా 100 డిగ్రీలు దాటవు. పట్టీల పాకం 130 దాటుతది."

"పోయినసారి గిట్లనే పోసిన. కరిగినట్టు కనవడలే."

"కొంచెం కరిగితే కనవడది. పట్టీ అడుగున అంటుకొని పోతది. దాన్ని పిల్లలు తింటరు."

అత్తమ్మ కవరు తీసేసింది. స్టీలు పళ్లెం కడిగింది. నూనె రాసింది. పాకం దాని మీద పోశారు. పట్టీలు మంచిగ వచ్చాయి.

కోడలు చెప్పిన మాట నిజమే. దానిని అంకెలతో చూద్దాం.

వేడికి అంకెలు

వేడిని డిగ్రీలలో కొలుస్తారు. అంకె పెద్దదైతే వేడి ఎక్కువ.

మైనం సుమారు 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది.

నీళ్లు 100 డిగ్రీల దగ్గర మసలుతాయి.

పాల కవరు లాంటి ప్లాస్టిక్ సుమారు 110 డిగ్రీల దగ్గర మెత్తబడి కరగడం మొదలవుతుంది.

అరిసెల పాకం సుమారు 115 డిగ్రీలు ఉంటుంది. నీళ్లలో వేస్తే మెత్తని ఉండ అవుతుంది.

పల్లీ పట్టీల పాకం 130 నుంచి 150 డిగ్రీల దాకా ఉంటుంది. నీళ్లలో వేస్తే గట్టిపడి టక్కుమని విరుగుతుంది.

సిలికాన్ షీటు మామూలుగా 230 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది.

టెఫ్లాన్ షీటు 260 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది.

ఇప్పుడు పోల్చి చూడండి. పాకం 130. పాల కవరు 110. పాకం అంకె పెద్దది. కాబట్టి కవరు ఓడిపోతుంది. పాకం 130. సిలికాన్ షీటు 230. షీటు అంకె పెద్దది. కాబట్టి షీటు గెలుస్తుంది.

గుర్తు పెట్టుకోవలసిన మాట ఇదే: పోసే దాని వేడి కంటే, కింద పరిచిన దాని అంకె పెద్దదిగా ఉండాలి.

దుకాణంలో ఏమి చదవాలి?

షీటు కొనేటప్పుడు మెరుపు చూసి కొనకూడదు. డబ్బా మీద రాసింది చదవాలి. మాటలు ఇంగ్లీషులో ఉండవచ్చు. భయపడవద్దు. అంకెలు మనకు తెలిసినవే.

మొదట వేడి అంకె వెతకండి. 230 అని గానీ, 260 అని గానీ ఉంటుంది. అంకె పక్కన పైన చిన్న సున్న ఉంటుంది. దాని పక్కన ఒక అక్షరం ఉంటుంది. ఆ అక్షరం నెలవంక లాగ ఉంటే అది 'సి'. మనం చెప్పుకున్న డిగ్రీలు ఇవే. కొన్ని డబ్బాల మీద 'ఎఫ్' అనే అక్షరం ఉంటుంది. అది వేరే కొలత. దానిలో 450 అని ఉంటే మన కొలతలో సుమారు 230 మాత్రమే. పెద్ద అంకె చూసి మోసపోవద్దు.

రెండవది, తిండికి పనికొచ్చేదా అని అడగండి. 'ఫుడ్ గ్రేడ్' అంటే తినే వస్తువులకు వాడదగినది అని అర్థం. గ్లాసు, ఫోర్కు బొమ్మ కూడా కొన్నింటి మీద ఉంటుంది. ఆ మాట గానీ ఆ బొమ్మ గానీ లేని షీటును తిండికి వాడవద్దు.

వేడి అంకె లేని షీటు మీద వేడి పాకం పోయవద్దు.

దుకాణాల్లో బటర్ పేపరు కూడా అమ్ముతారు. లడ్డూలు చుట్టి పెట్టడానికి అది మంచిదే. కానీ కాగిన పాకం పోస్తే దానికి అంటుకుపోవచ్చు. మైనం పూసిన కాగితం అయితే మైనం కరిగి తిండిలో కలుస్తుంది.

పాత పేపరును తిండి కింద అసలే వేయవద్దు. పేపరు మీది సిరా తిండికి అంటుతుంది. పేపర్లలో తిండి చుట్టకూడదని మన దేశంలో 2018లో వచ్చిన ఆహార ప్యాకింగు నియమాలు చెబుతున్నాయి.

పట్టీలు చేసే పద్ధతి

1. షీటును బల్ల మీద గానీ చదునైన బండ మీద గానీ పరచండి. కింద ముడత ఉండకూడదు.

2. పల్లీలు వేయించి, పొట్టు తీసి పక్కన పెట్టుకోండి. పాకం వచ్చాక వెతకడానికి సమయం ఉండదు.

3. పాకంలో పల్లీలు కలిపి, షీటు నడుమ పోయండి.

4. పైన ఇంకొక షీటు కప్పండి. అప్పడాల కర్రతో ఒత్తండి. చేతితో ఒత్తవద్దు.

5. కొంచెం వేడి ఉండగానే పై షీటు తీయండి. ముక్కల కోసం మొద్దు గరిటె అంచుతో గీతలు పెట్టండి. కత్తి వాడవద్దు.

6. పూర్తిగా చల్లారాక షీటును వెనక్కి వంచండి. పట్టీ దానంతట అదే ఊడి వస్తుంది. గీతల మీద విరవండి.

7. వెంటనే మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. బెల్లం గాలిలోని తడిని పీల్చుకుంటుంది. బయట పెడితే పట్టీ మళ్లీ జిగట అవుతుంది.

షీటు లేకపోతే పని ఆగదు. నూనె రాసిన స్టీలు పళ్లెం ఉన్నది గదా. ఇంట్లో ఏడాదికి రెండుసార్లు చేసుకునేవాళ్లకు అదే చాలు. రోజూ చేసి అమ్మే సంఘాలకు షీటు లాభం.

పాకం మీద పడితే

వేడి నీళ్లు పడితే జారిపోతాయి. పాకం జారదు. చర్మానికి అంటుకొని కాలుస్తూనే ఉంటుంది. అందుకే పాకం కాలుడు లోతుగా ఉంటుంది. పాకం దగ్గర పిల్లలను ఉంచవద్దు.

పాకం పడితే వెంటనే కాలిన చోట చల్లని నీళ్లు ధారగా పోయండి. 20 నిమిషాలు పోయాలి. ఐసు పెట్టవద్దు. అంటుకున్న పాకాన్ని గుంజవద్దు. గుంజితే చర్మం కూడా వస్తుంది. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి.

మన దగ్గర కాలిన చోట పసుపు పెట్టడం అలవాటు. కొందరు టూత్‌పేస్టు రాస్తారు. కొందరు సిరా పోస్తారు. ఇవేవీ పెట్టవద్దు. బొబ్బలు వచ్చినా, కాలిన చోటు అరచేయి కంటే పెద్దదైనా, ముఖం మీద పడినా దవాఖానాకు పోవాలి. 108కి ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది.

చేతి పనులకు కూడా షీటు

జిగట వంటింట్లోనే లేదు. చేతి పనుల్లో కూడా ఉన్నది.

ఆర్మూర్ నుంచి గోదావరి దాటి పోతే నిర్మల్ వస్తుంది. నిర్మల్ బొమ్మల పేరు అందరికీ తెలుసు. పొనికి కర్రతో బొమ్మ ముక్కలు చెక్కుతారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తారు. ఆ ముద్దతో ముక్కలను అతుకుతారు. చింతగింజల జిగురు బల్లకు అంటి ఎండితే ఊడదు. ఇట్లాంటి పని చేసేటప్పుడు కింద ఒక షీటు పరిస్తే బల్ల పాడు కాదు. ఎండిన జిగురు షీటు మీది నుంచి పెచ్చులాగ లేస్తుంది.

హైదరాబాదులో లాడ్ బజార్ లక్క గాజులకు పేరు పొందింది. లక్కను నిప్పుల మీద వేడి చేస్తే మెత్తబడుతుంది. అప్పుడు దానిని దొర్లించి గాజు చుడతారు. లక్క కూడా వేడిలో జిగట, చల్లారితే గట్టి. బెల్లం పాకం గుణం, లక్క గుణం ఒకటే.

కుట్టు పని చేసేవాళ్లకు ఇంకొక లాభం. కాలరుకు బక్రం అతికించేటప్పుడు దాని జిగురు ఇస్త్రీ పెట్టెకు అంటుతుంది. తర్వాత ఆ మరక కొత్త బట్టకు పడుతుంది. ఇస్త్రీ పెట్టెకూ బక్రానికీ నడుమ టెఫ్లాన్ షీటు వేస్తే పెట్టె శుభ్రంగా ఉంటుంది. ఇక్కడ కూడా పాల కవరు పనికిరాదు. ఇస్త్రీ వేడికి అది వెంటనే కరుగుతుంది.

చల్లని జిగురు పనికి మాత్రం ఖరీదైన షీటు అక్కరలేదు. ఫెవికాల్ లాంటి జిగురు మామూలు ప్లాస్టిక్ కవరుకు గట్టిగా పట్టదు. కడిగిన పాల కవరు చాలు. చల్లని పనికి చవక పొర. వేడి పనికి అంకె ఉన్న పొర.

ఒకటి మరవవద్దు. జిగురు పనికి వాడిన షీటును తిండికి వాడకూడదు. ఎంత కడిగినా వాడకూడదు. రెండు సంచులు కుట్టండి. ఒక దాని మీద 'తిండి' అని రాయండి. రెండవ దాని మీద 'జిగురు' అని రాయండి. ఏ షీటు ఆ సంచిలోనే పెట్టండి. ఇంట్లో అందరికీ చదివి చూపండి.

షీటును ఎట్లా కాపాడుకోవాలి?

గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. అంటిన బెల్లం దానంతట కరుగుతుంది. కొంచెం సబ్బు, మెత్తని గుడ్డ చాలు. స్టీలు పీచుతో తోమవద్దు. బూడిద, ఇసుక వాడవద్దు. తోమితే గీతలు పడతాయి. గీతల్లో పాకం మళ్లీ పట్టు దొరికించుకుంటుంది.

మడత పెట్టవద్దు. చాప చుట్టినట్టు చుట్టి పెట్టండి. మడత దగ్గర పూత పగులుతుంది.

చాలా షీట్ల లోపల గాజు దారంతో నేసిన బట్ట ఉంటుంది. అందుకే కత్తితో కోయవద్దు, కత్తెరతో కత్తిరించవద్దు. కోస్తే సన్నని గాజు పోగులు బయటికి వస్తాయి. అవి తిండిలో పడకూడదు. చిరిగిన షీటును, పూత లేచిన షీటును తిండికి వాడటం మానండి.

షీటును మంట మీద పెట్టవద్దు. ఉత్త నాన్‌స్టిక్ పెనాన్ని కూడా పొయ్యి మీద మరిచిపోవద్దు. టెఫ్లాన్ మితిమీరి కాలితే వచ్చే పొగ మంచిది కాదు. ఆ పొగకు పంజరంలోని పిట్టలు చచ్చిపోతాయి.

లెక్క చేద్దాం

ఒక సంఘం వాళ్లు పట్టీలు చేసి అమ్ముతున్నారు అనుకుందాం. ఈ ధరలు లెక్క కోసం మాత్రమే. మీ దుకాణంలో ధర అడిగి మళ్లీ లెక్క చేయండి.

ఒక షీటు ధర 240 రూపాయలు. దానిని 120 సార్లు వాడారు.
240 ÷ 120 = 2
ఒక్కసారికి 2 రూపాయలు పడింది.

ఒకసారి వాడి పారేసే కాగితం ధర 6 రూపాయలు. 120 సార్లకు 120 కాగితాలు కావాలి.
120 × 6 = 720 రూపాయలు.

720 – 240 = 480
సంఘానికి 480 రూపాయలు మిగిలాయి.

అదే షీటును కత్తితో కోసి 20 సార్లకే పాడు చేస్తే?
240 ÷ 20 = 12
ఒక్కసారికి 12 రూపాయలు పడుతుంది. కాగితం కంటే రెండింతలు. షీటు కొనడంలో లాభం లేదు. కొన్నదానిని కాపాడుకోవడంలో లాభం ఉన్నది.

కొత్త మాటలు

జిగట – అంటుకునే గుణం
పొర – రెండింటి మధ్య ఉండే సన్నని అడ్డు
పూత – పైన పూసినది
డిగ్రీ – వేడిని కొలిచే కొలత
ఫుడ్ గ్రేడ్ – తినే వస్తువులకు వాడదగినది

జవాబులు చెప్పండి

1. చామాకు మీద నీళ్లు ఎందుకు నిలవవు?
2. అప్పాలు ఒత్తే కవరు మీద పట్టీల పాకం ఎందుకు పోయకూడదు?
3. ఒక షీటు మీద 100 అని ఉన్నది. దాని మీద అరిసెల పాకం పోయవచ్చా?
4. పాకం చేతి మీద పడితే మొదట ఏమి చేయాలి? ఏమి చేయకూడదు?
5. తిండి షీటును, జిగురు షీటును వేరుగా ఎందుకు పెట్టాలి?

చేసి చూడండి

మీ ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు, షీట్లు, కవర్లు ఒక చోట పెట్టండి. ఏ దాని మీద వేడి అంకె ఉన్నదో వెతకండి. అంకె ఉన్న వాటిని ఒక వరుసలో, లేని వాటిని ఇంకొక వరుసలో పెట్టండి. అంకెలను మీ నోటుపుస్తకంలో రాయండి. చిన్న అంకె నుంచి పెద్ద అంకె దాకా వరుసగా రాయండి. మీ వాడకట్టులో చదువు రాని అక్కకు ఒకరికి ఆ అంకెలు చూపించి, వాటి అర్థం చెప్పండి.